అమ్మ మీద పెట్టిన ఒట్టు

"ఎద్దుతో మాట్లాడినందుకు మనిషిని పట్టుకుపోతారా, సెల్మా? ఎక్కడైనా విన్నామా!"

హుల్డా గుమ్మంలోనే కూలబడిపోయింది. అంగడి సెల్మా ఆయాసపడుతూ ఆమె పక్కన కూర్చుని, కొంగులాంటి తన ఏప్రన్‌తోనే ఆమె ముఖం తుడిచింది.

"నా కళ్ళారా చూశాను హుల్డా! పాల కేంద్రం ముందు మీ ఎద్దు మొరాయించింది. బండి నిండా కర్రపెండలం! మీ ఆయన ఎప్పట్లాగే 'హో... వెనక్కి... వెనక్కిరా నాయనా' అన్నాడు, మన జర్మన్‌లో. అంతే! ఇద్దరు పోలీసులు వచ్చి పడ్డారు. 'ఆ భాష మాట్లాడకూడదని తెలీదా' అని వాళ్ళ పోర్చుగీసులో గద్దించారు. నేను అర్థం చెప్పాను. దానికి మీ ఆయన ఏమన్నాడనుకున్నావు? 'నేను మీతో మాట్లాడలేదు, నా ఎద్దుతో మాట్లాడాను. దానికి మీ భాష రాదు' అన్నాడు. అదీ జర్మన్‌లోనే!"

హుల్డాకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనుంచే ఏడుపూ తన్నుకొచ్చింది. బెర్తోల్ట్ అంతే! విరుగుతాడు గానీ వంగడు!

ఇరవై ఒక్క ఏళ్ళ కిందట జర్మనీలోని పొమెరేనియాలో ఉన్నదంతా అమ్ముకుని, రెండేళ్ళ లోటార్‌ను ఒళ్ళో పెట్టుకుని, ఆ భర్త చెయ్యి పట్టుకుని బ్రెజిల్ ఓడ ఎక్కింది ఆమె. ఇటజాయి నది లోయలో అడవి కొట్టి, చెక్క ఇల్లు కట్టుకున్నారు. ఊళ్ళో బడి లేదంటే బెర్తోల్ట్ తన చేతులతో దూలాలు చెక్కి బడి కట్టాడు. పాదిరీగారు, మంత్రసాని, అంగడి... అందరూ తమవాళ్ళే కావడంతో హుల్డాకు ఇన్నేళ్ళలో పోర్చుగీసు అవసరమే పడలేదు. ఆ తరువాత ప్రభుత్వం మారింది. బడి మూతపడింది. రెండేళ్ళ కిందట బ్రెజిల్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. ఆ రోజునుంచి వాళ్ళ మాటే నేరమైపోయింది! వీధిలో మాట్లాడితే నేరం, ఇంట్లో మాట్లాడినా కిటికీ మూసుకోవాలి. జర్మన్ బైబిల్ పెండలం పిండి డబ్బాలోకి చేరింది. అన్నీ సహించింది హుల్డా. కానీ ఇదేమిటి దేవుడా... నేలనే నమ్ముకుని బతికే మనిషిని దొంగలాగా పట్టుకుపోవడమా!

కబురు అందుకుని మరునాడు మధ్యాహ్నానికల్లా లోటార్ వచ్చాడు. కొడుకు ఆ గుమ్మం తొక్కి ఏడాది దాటింది. రేవు పట్టణంలో కలప డిపోలో పని చేస్తూ, జురేమా అనే జాలరివాళ్ళ పిల్లను కాథలిక్కు గుడిలో పెళ్ళి చేసుకున్నాడు. "మన మాట రాని పిల్లను తెచ్చి నా గుమ్మం ఎక్కకు!" అన్నాడు తండ్రి. కొడుకు ఎక్కలేదు. ఇప్పుడు ఆ తండ్రి కోసమే చెమటలు కక్కుకుంటూ వచ్చి, టోపీ తీసి, తల్లి ముందు నిలబడ్డాడు.

"ఏడవకమ్మా. నాకు వాళ్ళ భాష వచ్చుగా. నేను మాట్లాడి వస్తాను."

వెళ్ళినవాడు పొద్దు వాలుతుండగా తిరిగి వచ్చాడు. ముఖం ప్రశాంతంగా ఉంది... మరీ ప్రశాంతంగా!

"ఏమన్నారురా?"

"వదిలేస్తారమ్మా. నాలుగు రోజుల్లో."

"ఊరికే వదిలేస్తారా? నా ముఖం చూసి చెప్పు!"

లోటార్ కాసేపు టోపీ అంచు నలిపాడు. "'మీ ఇంట్లోవాళ్ళు ఈ దేశం వైపున్నారని నమ్మడమెలా' అని అడిగాడమ్మా ఆ అధికారి. 'ఇటలీకి, జర్మన్ల మీదికి మన సైన్యం వెళ్తోంది. కొడుకు పేరు ఇస్తే తండ్రిని అనుమానించే పని మాకేముంది' అన్నాడు. నేను పౌరసత్వం తీసుకున్నవాణ్ణేగా... ఇచ్చాను."

"ఒరేయ్! ఎంత పని చేశావురా! నీ భార్య కడుపుతో ఉందని విన్నానే..."

"ఊరుకో అమ్మా. నాన్న కోసం ఒక్కటే కాదు. నాకు అన్నం పెట్టిన దేశం ఇదేగా! దీని మీదికి యుద్ధం వస్తే నేను తప్పుకుంటే, రేపు నా బిడ్డ ముఖం ఎలా చూడను?" అంటూ తల్లి చేతులు రెండూ పట్టుకున్నాడు. "కానీ నాన్నకు మాత్రం చెప్పకు. కొడుకును పణం పెట్టి విడిపించారని తెలిస్తే ఆయన తల ఎత్తుకుని బతకలేడు. చెప్పనని మాటివ్వు!"

ఏ తల్లికి రావాలి అలాంటి గతి! హుల్డా మాటిచ్చింది... ఇచ్చి, ఆ మాటను గుండెలో నిప్పులా దాచుకుంది.

బెర్తోల్ట్ తిరిగి వచ్చాడు. తల నున్నగా గొరిగి ఉంది. తాను కట్టిన బడి ముందే, పిల్లలందరూ చూస్తుండగా, చీపురిచ్చి వీధి ఊడిపించారట! ఇంటికి వస్తూనే బావి దగ్గర కూర్చుని, తల మీద నీళ్ళు పోసుకుంటూనే ఉన్నాడు. రెండు వారాల తరువాత, సెలవు తీసుకోవడానికి లోటార్ ఆకుపచ్చని సైనిక దుస్తుల్లో దడి దాటి వచ్చేసరికి, ఆయన గొడ్డలి పట్టుకుని కట్టెలు కొడుతున్నాడు. కొడుకును చూశాడు. ఆ గుడ్డలను చూశాడు. గొడ్డలి మొద్దులోనే వదిలేశాడు.

"నా తల గొరిగినవాళ్ళ గుడ్డలు కట్టుకొచ్చావా? చూపించడానికి వచ్చావా!"

"నాన్నా, వెళ్ళొస్తానని చెప్పడానికొచ్చాను."

"ఎవరి మీదికి వెళ్తావురా? అక్కడున్నది మా అన్న కొడుకులు! నీ రక్తం! పెళ్ళి చేసుకుని మా మాట వదిలేశావు. ఇప్పుడు మమ్మల్నే కాల్చబోతున్నావు! పో... నాకు కొడుకు లేడనుకుంటాను!"

లోటార్ తల్లి వైపు చూశాడు. హుల్డా పెదవి పంటి కింద నొక్కి పట్టుకుంది. ఒక్క మాట... ఒక్క మాట చెబితే చాలు, ఆ తండ్రి ఆ కొడుకు కాళ్ళ మీద పడతాడు! ఇచ్చిన మాట గొంతుకు అడ్డం పడింది. కొడుకు చిరునవ్వు నవ్వే ప్రయత్నం చేశాడు. "జురేమాను చూసుకో అమ్మా... తనకు తల్లి లేదు" అని మాత్రం అని, దడి దాటి వెళ్ళిపోయాడు. బెర్తోల్ట్ మళ్ళీ గొడ్డలి అందుకున్నాడు. సాయంత్రం దాకా కొట్టాడు. ఆ ఏడాదికి సరిపోయే కట్టెలన్నీ ఆ ఒక్క రోజే కొట్టాడు.

సెప్టెంబరులో ఓడ కదిలిందని కబురు వచ్చిన రోజున హుల్డా తలగుడ్డ కట్టుకుని సెల్మా అంగడికి నడిచింది.

"'నా కోడలు కడుపుతో ఉంది. వెళ్ళి ఇంటికి తెచ్చుకోవాలి.' ఇది పోర్చుగీసులో ఎలా అనాలో నేర్పు."

"నీకెందుకే! నేనొచ్చి చెప్తాగా."

"కాదు. నా కోడలి కోసం నేనే అడగాలి."

జర్మన్లు ఊరు దాటాలంటే పోలీసుల చీటీ కావాలి. రేవు వైపు వెళ్ళాలంటే మరీనూ! తన భర్త తల గొరిగించిన ఆ అధికారి బల్ల ముందే నిలబడింది హుల్డా. దారి పొడవునా వల్లె వేసుకున్న వాక్యాన్ని గబగబా అప్పజెప్పింది. ఆయనకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పింది. మూడోసారి చెప్పేటప్పుడు మాటలన్నీ కలగాపులగం అయిపోయి, 'కోడలు... కోడలు...' అంటూ, చేత్తో పొట్ట చూపించి, కన్నీళ్ళు పెట్టుకుంది. ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. ఏమనుకున్నాడో... చీటీ మీద ముద్ర కొట్టి, ముఖం తిప్పుకుని చేతికిచ్చాడు.

రేవు పట్టణంలో చేపల వాసన కొట్టే ఒక సందులో, ఇరుకు గదిలో, బట్టలు ఇస్త్రీ చేస్తూ కనిపించింది జురేమా. నల్లని జుట్టు, గోధుమ రంగు ముఖం, నిండు కడుపు. గుమ్మంలో నిలబడ్డ తెల్లని పెద్దావిడను చూసి బిత్తరపోయింది. హుల్డా తన దగ్గరున్న ఒక్క వాక్యాన్నీ అప్పుడే ఖర్చు పెట్టేసి వచ్చింది! ఇంకేం చెప్పాలి? ఎలా చెప్పాలి? రెండడుగులు వేసి, ఆ పిల్ల చేతిలోని ఇస్త్రీపెట్టె తీసి పక్కన పెట్టి, తన గుండెల మీద చెయ్యి వేసుకుని "లోటార్... అమ్మ" అంది. ఆ పిల్ల భోరుమంది. అత్తా కోడళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చిన ఆ ఏడుపుకు ఏ భాషా అక్కరలేకపోయింది!

కోడలితో పాల లారీ దిగిన భార్యను చూసి బెర్తోల్ట్ కేకలు వేయలేదు. "ఈ ఇంట్లో నా భాష చెల్లదు, నా మాటా చెల్లదన్నమాట" అని మాత్రం అన్నాడు. పళ్ళెం పట్టుకుని పశువుల పాకలోకి పోయి తిన్నాడు. అప్పటినుంచీ రోజూ అక్కడే తినేవాడు.

వంటింట్లో మాత్రం మరో ప్రపంచం మొదలైంది. జురేమా నల్ల చిక్కుడుగింజలు ఉడికిస్తుంటే హుల్డా మొక్కజొన్న రొట్టె కాల్చేది. చేతికి అందిన ప్రతి వస్తువుకూ పేర్లు ఇచ్చిపుచ్చుకునేవారు. ఆ భాషలో రొట్టెకు, కర్రకు ముక్కుతో పలకడంలోనే తేడా. ఆ ముక్కుపలుకు హుల్డాకు ఎన్నటికీ పట్టుబడలేదు.

"అత్తయ్యా! పొద్దున్నే అందరికీ వేడి వేడి కర్ర వడ్డిస్తానంటున్నారు! నాకొద్దమ్మా, పళ్ళు ఊడతాయి!"

"నీకేం, నవ్వుతావు! నువ్వు నిన్న మా భాషలో కోడిని పట్టుకుని చర్చి అన్నావు. నేను నవ్వానా?"

"నవ్వారు! పొట్ట పట్టుకుని మరీ నవ్వారు!"

ఇటలీ నుంచి ఉత్తరాలు వచ్చేవి. సైన్యంలో ఉత్తరాలు విప్పి చదువుతారు కనుక లోటార్ పోర్చుగీసులోనే రాయాలి. కొడుకు తనకు రాసిన మాటను కోడలు చదివి, చేతులతో చూపించి చెబితే తప్ప తెలియని ఆ తల్లి, కసిగా నేర్చుకుంది. 'మంచు' అనే మాట నేర్చుకుంది. 'కొండ' అనే మాట నేర్చుకుంది. నవంబరులో ఆడపిల్ల పుట్టింది, మర్లీ అని పేరు పెట్టుకున్నారు. 'నీ కూతురికి నీ కళ్ళు' అన్న వాక్యాన్ని హుల్డా తన చేత్తో, తప్పులతో రాసి పంపింది. ఏప్రిల్ తరువాత ఉత్తరాలు చిన్నవైపోయాయి. క్షేమం... క్షేమం... అంతే!

యుద్ధం ముగిసింది. ఆగస్టులో లోటార్ తిరిగి వచ్చాడు. సన్నబడ్డాడు. బిడ్డను ఎత్తుకుని చాలాసేపు గుండెకు హత్తుకున్నాడు. భార్యను దగ్గరికి తీసుకున్నాడు. హుల్డా ఇన్నాళ్ళూ దాచుకున్న మాటలన్నీ తమ భాషలో పొంగి వచ్చాయి. "నా తండ్రీ! వచ్చావురా! నా బంగారూ..." అంటూ చేతులు చాచింది.

లోటార్ ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు! ముఖంలో రక్తం లేదు. "వద్దమ్మా... అలా మాట్లాడకు" అన్నాడు, పోర్చుగీసులో.

తల్లి చేతులు గాల్లో ఆగిపోయాయి. పాక దగ్గర నిలబడి చూస్తున్న బెర్తోల్ట్ ఆ ఒక్క మాట అర్థం కాకపోయినా, ఆ జరగడం చూశాడు. చేదుగా నవ్వుకుని లోపలికి పోయాడు.

వారాలు గడిచినా అంతే. జర్మన్ మాట చెవిన పడితే చాలు, లోటార్ లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. ఒకనాటి మధ్యాహ్నం వాన పట్టుకుంది. తల్లీ కొడుకులు కొట్టంలో మొక్కజొన్న కంకులు ఒలుస్తున్నారు. హుల్డా పని ఆపకుండానే, వచ్చీ రాని పోర్చుగీసులో మెల్లగా అడిగింది.

"బాబూ... అక్కడ... ఏం జరిగింది?"

లోటార్ ఆశ్చర్యంగా తల ఎత్తాడు. తల్లి నోట ఆ భాష వచ్చినప్పుడల్లా అతనికి కొత్తగానే ఉంటోంది. చేతిలో కంకి అలాగే ఉండిపోయింది.

"కొండ మీద ఒక రాతి ఇల్లుందమ్మా. లోపల జర్మన్లు. చుట్టూ మేం. 'నీకు వాళ్ళ భాష వచ్చుగా, పిలువు' అన్నాడు మా అధికారి. ఊళ్ళో ఏ భాష కోసం నాన్నను వీధి ఊడిపించారో, అక్కడ అదే కావలసి వచ్చింది. నేను ముందుకెళ్ళి అరిచాను. 'బయటికి రండి, ఎవరూ ఏమీ చేయరు' అన్నాను. నమ్మలేదు. అప్పుడు... 'మా అమ్మ మీద ఒట్టు!' అన్నాను."

వాన హోరులో అతని గొంతు వినిపించీ వినిపించనట్టుగా ఉంది.

"వచ్చారమ్మా! తుపాకులు పారేసి వచ్చారు. ఒకడికి మీసం కూడా రాలేదు. 'నీది మా ఊరి యాసలా ఉందే' అని నన్ను చూసి నవ్వాడు. నేనూ నవ్వాను. అప్పుడే ఫిరంగి గుండు పడింది. ఏ వైపునుంచి వచ్చిందో ఇవాళ్టికీ తెలీదు. నాకేం కాలేదు. వాడు నా చొక్కా చెయ్యి పట్టుకుని... 'ఒట్టు పెట్టావు కదా' అన్నాడు. అచ్చం మన మాటలో, అమ్మా! ఆ తరువాత ఇంకేం అనలేదు. ఆ మాట ఎవరి నోట విన్నా నాకు వాడే కనిపిస్తున్నాడు. నీ మీద ఒట్టు పెట్టి నిలబెట్టుకోలేకపోయాను... నీ ముఖం ఎలా చూడను!"

హుల్డాకు అన్ని మాటలూ అర్థం కాలేదు. అర్థమైనవి చాలు. నేర్చుకోకపోయి ఉంటే ఈ బరువును తన కొడుకు ఎవరి ముందు దించుకునేవాడు! ఆమె అతని తలను ఒళ్ళోకి లాక్కుంది. వ్యాకరణం తప్పిన మాటలను ఒక్కొక్కటిగా ఏరుకుంది.

"ఒట్టు... నా మీద. అయితే అది నాది. నీది కాదు. ఆ పిల్లవాడు... నా దగ్గరకు వస్తాడు. నేను మోస్తాను. నువ్వు... దించు."

తన వయసు మరిచిపోయి లోటార్ ఏడ్చాడు. ఆమె ఏడవలేదు. వాన తగ్గేదాకా అతని వీపు నిమురుతూ కూర్చుంది.

ఆమె ఇంట్లోకి వెళ్ళేసరికి బెర్తోల్ట్ గుమ్మంలో ఎదురయ్యాడు. "ఏమిటట? తల్లితో కూడా దొరల భాషేనా? మన మాట అంటుకుంటే మైల పడతాడా నీ సైనికుడు!"

అంతే! ఏడాదికి పైగా దాచిన నిప్పు రగిలింది.

"నోరు ముయ్యి బెర్తోల్ట్! నువ్వు లాకప్పు నుంచి ఎలా బయటికొచ్చావో తెలుసా? నీ పొగరు చూసి వదిలారనుకున్నావా? వాడు సైన్యంలో పేరిచ్చాడు కాబట్టి వదిలారు! 'నాన్న తల ఎత్తుకుని బతకలేడు, చెప్పకమ్మా' అని నా చేతులు పట్టుకున్నాడు. నువ్వు 'నాకు కొడుకు లేడు' అన్నప్పుడు కూడా నవ్వుతూ వెళ్ళాడు! చెప్పనని మాటిచ్చి ఇన్నాళ్ళూ నేను కుమిలిపోయాను. ఇక నావల్ల కాదు!" అంటూ, కొట్టంలో విన్నదంతా చెప్పింది. రాతి ఇల్లు, ఆ నవ్వు, ఆ గుండు...

బెర్తోల్ట్ గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. అంతకు ముందు యుద్ధంలో, జర్మనీ వైపున, నాలుగేళ్ళు కందకాల్లో ఉన్న మనిషి ఆయన. ఆ గుండు చప్పుడు ఆయనకు ఒకరు చెప్పాలా! ఇన్నేళ్ళలో ఆ సంగతులు భార్యతో ఒక్కనాడూ అనలేదు. కాసేపటికి పొయ్యి దగ్గరున్న కోడలి వైపు నడిచాడు. మొదటిసారిగా ఆమెను పలకరించాడు.

"అమ్మాయ్... 'నన్ను క్షమించు' అని మీ భాషలో ఎలా అంటారు?"

జర్మన్‌లో అడిగాడు. ఏడాదిగా అత్త దగ్గర నేర్చుకున్న జురేమాకు అర్థమైంది. గరిటె పక్కన పెట్టి, నెమ్మదిగా, బిడ్డకు నేర్పినట్టు చెప్పింది. ఆయన రెండుసార్లు పెదవులతో పలికి చూసుకున్నాడు. వాన వెలిసిన వాకిట్లో కొడుకు దగ్గరికి వెళ్ళాడు. టోపీ తీశాడు. పోలీసుల ముందైనా తీసి ఎరగని టోపీ!

"క్షమించు... నేను... తప్పు... నువ్వు... కొడుకు. నా... కొడుకు."

పలకడం తప్పు, వరస తప్పు. లోటార్ ఆ వణికే పెదవులను చూశాడు. చనిపోయినా ఆ భాష ముట్టనని పంతం పట్టిన తండ్రి! అతను తండ్రి చేతిని రెండు చేతులతో అందుకుని, తన కళ్ళకు అద్దుకున్నాడు. బెర్తోల్ట్ ఆ రాత్రినుంచి పళ్ళెం పట్టుకుని పాకలోకి పోలేదు.

ఆ తరువాత తండ్రీ కొడుకులు ముక్కలు ముక్కల పోర్చుగీసులోనే మాట్లాడుకునేవారు. లోటార్ ముందు ఎవరూ జర్మన్ ఎత్తేవారు కాదు. యుద్ధం పోయింది, పోలీసుల భయమూ తగ్గింది. కానీ ఆ ఇంట్లో ఆ మాట మీద ఇంకా తడి ఆరలేదని అందరికీ తెలుసు. ఎవరూ తొందరపెట్టలేదు.

ఎండాకాలం వచ్చింది. ఒక ఆదివారం అందరూ వరండాలో కాఫీ తాగుతున్నారు. మర్లీ బల్ల కాలు పట్టుకుని లేచి నిలబడింది. తూలుతూ బెర్తోల్ట్ వైపు రెండడుగులు వేసి, చెయ్యి చాచింది.

"ఓపా!"

తాత అని! జర్మన్‌లో! హుల్డా చుట్టూ చూసింది. ఎవరు నేర్పారు? జురేమా తల వంచుకుని ఏప్రన్ సర్దుకుంటోంది... నేర్పింది ఆ జాలరివాళ్ళ పిల్లే! బెర్తోల్ట్ పసిదాన్ని అందుకోబోయి, భయంగా కొడుకు ముఖంలోకి చూసి ఆగిపోయాడు. పాప పెదవి ఏడుపుకు వంపు తిరిగింది. "ఓపా..."

లోటార్ కదల్లేదు. లేచి వెళ్ళిపోలేదు కూడా. కూతురిని చూస్తూనే ఉన్నాడు. గొంతు సవరించుకున్నాడు. ఏడాదిన్నరగా అతని నోట వినని మాటల్లో, అమ్మ నేర్పిన ఆ మాటల్లోనే, మెల్లగా అన్నాడు.

"పిలుస్తోంది కదా నాన్నా... పలకవేం!"